నైట్రిక్ ఆక్సైడ్ యంత్రంలో సెన్సర్ తప్పు చెబుతోందా? ముందు ఎక్కడ వెతకాలి

ఎన్‌ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న ఒక శిశువుకు నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తున్నారనుకుందాం. డాక్టర్ రాసిన డోసు 20 పీపీఎం. యంత్రంలో సెట్ చేసిందీ అంతే. అరగంట కిందటి దాకా తెరపై కొలత 20 దగ్గరే ఉంది. ఇప్పుడు 13 చూపిస్తోంది. అలారం మోగుతోంది.

ఈ పరిస్థితిలో ఎవరికైనా ముందు తట్టేవి రెండు. తెరపై 20 కనిపించే దాకా డోసు పెంచడం ఒకటి. ‘సెన్సర్ పోయినట్టుంది’ అనుకుని యంత్రాన్ని ఆపి చూడటం రెండోది. రెండూ శిశువుకు చేటు చేసేవే. తప్పు కొలతలోనే ఉండి, తెరపై 20 వచ్చే దాకా డోసు పెంచితే శిశువుకు నిజంగా అందేది 31 పీపీఎం దాకా ఉంటుంది. యంత్రాన్ని ఒక్కసారిగా ఆపితే ఆ ఊపిరితిత్తుల రక్తనాళాలు అంతకుముందు కంటే గట్టిగా బిగుసుకుపోవచ్చు.

నైట్రిక్ ఆక్సైడ్ యంత్రాల్లో వచ్చే కొలత సమస్యలను ఏ వరసలో చూడాలి, సెన్సర్‌ను ఎప్పుడు అనుమానించాలి, ఎప్పుడు నమ్మాలి అన్నది ఈ వ్యాసం విషయం. ఏ యంత్రానికైనా దాని మాన్యువలే చివరి మాట. కానీ మాన్యువల్ చెప్పే ఒక్కో మెట్టు వెనుక కారణం తెలిస్తే, రాత్రి రెండు గంటలకు అలారం మోగినప్పుడు చేతులు తడబడవు.

ఈ వాయువు ఎందుకు ఇస్తారు

మొదట ఒక పేరు గందరగోళం తీర్చుకోవాలి. మత్తు కోసం వాడే లాఫింగ్ గ్యాస్ నైట్రస్ ఆక్సైడ్. ఇక్కడ మాట్లాడేది నైట్రిక్ ఆక్సైడ్ గురించి. ఒక నైట్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు. పేరులో తేడా ఒక్క అక్షరం, పనిలో తేడా చాలా.

రక్తనాళాల లోపలి పొర ఈ వాయువును తనంతట తానే తయారు చేసుకుంటుందని 1980ల్లో తేలింది. ఆ పరిశోధనలకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. దీన్ని పీల్చితే గాలి చేరిన చోట మాత్రమే ఊపిరితిత్తుల రక్తనాళాలు వదులవుతాయి. రక్తంలోకి వెళ్లగానే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేసుకుంటుంది. అందువల్ల ఒంట్లో మిగతా చోట్ల రక్తపోటు పడిపోదు. మాత్రలకూ ఇంజెక్షన్లకూ లేని సౌలభ్యం ఇదే.

పుట్టగానే శిశువు ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకోవాలి. కొందరిలో అవి బిగుసుకునే ఉండిపోతాయి. దీన్ని నవజాత శిశువుల పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటారు. వెంటిలేటర్ ఎంత ఆక్సిజన్ పంపినా రక్తం ఊపిరితిత్తులకు చేరకుండా పక్కదారి పడుతుంది. 34 వారాలు దాటి పుట్టిన ఇలాంటి శిశువుల కోసం పీల్చే నైట్రిక్ ఆక్సైడ్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 1999 డిసెంబరులో ఆమోదించింది. సిఫారసు చేసిన డోసు 20 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 20 భాగాలు. కొన్ని గుండె ఆపరేషన్ల తర్వాత కూడా వాడతారు.

మన దేశంలో ఇది అన్ని నవజాత శిశు విభాగాల్లోనూ దొరికే వైద్యం కాదు. ఖర్చు ఎక్కువ. సిలిండర్, యంత్రం, శిక్షణ ఉన్న సిబ్బంది ముగ్గురూ ఒకే చోట ఉండాలి. లేనిచోట సిల్డెనాఫిల్ లాంటి మందులతో నెట్టుకొస్తారు. కాబట్టి ఒక యంత్రం ఉన్నచోట దాని సెన్సర్ మొరాయిస్తే, పక్క గది నుంచి ఇంకో యంత్రం తెచ్చి పెట్టే వీలు చాలాసార్లు ఉండదు.

యంత్రంలో రెండు చేతులు

ఈ యంత్రం రెండు పనులు చేస్తుంది. ఒకటి ఇవ్వడం, రెండోది కొలవడం. ఈ రెండింటికీ దారులు వేరు. ఎఫ్‌డీఏ 2000 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వాయువును అందించే పరికరం, నైట్రిక్ ఆక్సైడ్ ఎనలైజర్, నైట్రోజన్ డయాక్సైడ్ ఎనలైజర్ అని మూడింటినీ వేర్వేరుగా పేర్కొన్నాయి.

ఇచ్చే వైపు లెక్క సులువైనదే. సిలిండర్‌లో నైట్రోజన్‌తో కలిపిన నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. ఎక్కువగా కనిపించే గాఢత 800 పీపీఎం. వెంటిలేటర్ నుంచి శిశువు వైపు వెళ్తున్న గాలి ఎంతో యంత్రం కొలిచి, దానికి తగినంత వాయువును కలుపుతుంది. 800 నుంచి 20 రావాలంటే మొత్తం గాలిలో నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం సిలిండర్ వాయువు కావాలి. ఈ 2.5 శాతం గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

కొలిచే వైపు, శిశువుకు దగ్గరలో శ్వాస గొట్టం నుంచి సన్నని శాంపిల్ లైన్ ద్వారా ఒక చిన్న పంపు కొద్దిపాటి గాలిని లాగుతుంది. అది నీటిని ఆపే వాటర్ ట్రాప్, ఫిల్టర్, తేమను గోడల గుండా బయటికి వదిలే నాఫియాన్ గొట్టం లాంటివి దాటి సెన్సర్ల దగ్గరికి చేరుతుంది. సెన్సర్లు మూడు. నైట్రిక్ ఆక్సైడ్‌కు ఒకటి, నైట్రోజన్ డయాక్సైడ్‌కు ఒకటి, ఆక్సిజన్‌కు ఒకటి.

దారులు వేరైనా రెండు వైపులకూ అసలు సంబంధమే లేదనుకోకూడదు. కొలత ఒక హద్దు దాటి కొన్ని సెకన్ల పాటు అలాగే ఉంటే వాయువును ఆపేసే రక్షణ ఏర్పాటు కొన్ని యంత్రాల్లో ఉంటుంది. అలాంటి చోట సెన్సర్ పొరపాటున పైకి ఎగబాకితే శిశువుకు మందే ఆగిపోతుంది. మీ విభాగంలో ఉన్న యంత్రం ఏ రకమో ముందే తెలుసుకుని ఉండాలి.

ఇంకా కొన్ని చోట్ల పూర్తి యంత్రం ఉండదు. సిలిండర్, ఫ్లోమీటర్, విడిగా ఒక ఎనలైజర్, అంతే. అక్కడ ఎనలైజర్ చూపే అంకెను బట్టే ఫ్లోమీటర్ తిప్పుతారు. సెట్ చేసిన డోసు అనేదే ఉండదు కాబట్టి పోల్చి చూసుకోవడానికి రెండో అంకె లేదు. సెన్సర్ తప్పు చెబితే అదే తప్పు నేరుగా డోసు అవుతుంది. ఈ ఏర్పాటుతో నడిపేవాళ్లు కింద చెప్పే కాలిబ్రేషన్ విషయాలను రెట్టింపు పట్టుదలతో పాటించాలి.

సెన్సర్ లోపల జరిగేది

ప్రయోగశాలల్లో నైట్రిక్ ఆక్సైడ్‌ను ఓజోన్‌తో కలిపి, పుట్టే వెలుతురును కొలుస్తారు. ఆ పరికరం పెద్దది, ఖరీదైనది. మంచం పక్కన వాడేవి ఎలక్ట్రోకెమికల్ సెల్స్. ఇవి చిన్న బ్యాటరీల లాంటివి. వాయువు ఒక పొర గుండా లోపలికి వెళ్లి, ఎలక్ట్రోడ్ మీద రసాయన చర్య జరిపి, తన గాఢతకు తగినంత విద్యుత్తును పుట్టిస్తుంది. లోపల సాధారణంగా పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ సెల్‌లో వాయువు ఆక్సీకరణం చెంది నైట్రిక్ ఆమ్లంగా మారుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ సెల్‌లో దానికి ఎదురు చర్య జరుగుతుంది.

ఈ సెల్ ఎందుకు పాడవుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఆమ్లం ఎండిపోతే స్పందన తగ్గుతుంది. తేమ ఎక్కువ పీల్చుకుంటే ఉబ్బి కారుతుంది. పొర మీద నీటి చుక్క పడితే వాయువు లోపలికే వెళ్లదు. వేడి పెరిగితే వాయువు లేకపోయినా పుట్టే కరెంటు, అంటే సున్నా గీత, పైకి జరుగుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ సెల్స్‌లో ఈ గుణం మరీ ఎక్కువ. ఏసీ లేని స్టోర్ రూములో మే నెల ఎండకు మగ్గిన యంత్రాన్ని తెచ్చి వెంటనే కాలిబ్రేషన్ చేస్తే అది ఎందుకు నిలకడగా ఉండదో ఇందులోనే ఉంది.

నైట్రిక్ ఆక్సైడ్ సెల్‌కు ఇంకో పేచీ ఉంది. దానికి బయటి నుంచి సుమారు 300 మిల్లీవోల్టుల చిన్న ఓల్టేజీ ఎప్పుడూ అందుతూ ఉండాలి. దీన్ని బయాస్ అంటారు. ఇది తెగిపోతే సెల్ చెడిపోదు కానీ దాని సున్నా గీత చెదిరిపోతుంది. మళ్లీ కుదురుకోవడానికి గంటలు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. వాడనప్పుడు కూడా ఈ యంత్రాన్ని ప్లగ్‌లోనే ఉంచమని చెప్పేది అందుకే. ప్లగ్ తీసి మూల పెట్టేసి, లోపలి బ్యాటరీ కూడా అయిపోయిన యంత్రాన్ని అత్యవసరంగా బయటికి తీస్తే మొదటి కొన్ని గంటల కొలతలను నమ్మలేం.

ఆక్సిజన్ సెల్ కథ వేరు. ఎక్కువ యంత్రాల్లో అది సీసంతో పనిచేసేది. ఆక్సిజన్ తగిలిన ప్రతి నిమిషం కొంత సీసం ఖర్చవుతూ ఉంటుంది. కవరు చించితే చాలు, వాడినా వాడకపోయినా ఆయుష్షు తరుగుతుంది. పూర్తిగా ముగిసే ముందు అది ఒక మోసం చేస్తుంది. గది గాలిలో 21 శాతం సరిగ్గానే చూపిస్తుంది. 100 శాతం ఆక్సిజన్ పెడితే మాత్రం ఎనభయ్యో తొంభయ్యో చూపించి ఆగిపోతుంది. గది గాలితోనే సరిచూసి వదిలేసేవాళ్లకు ఇది కనిపించదు.

ముందు శిశువు

అలారం మోగినప్పుడు మొదట చూడాల్సింది తెరను కాదు, శిశువును. రక్తంలో ఆక్సిజన్ శాతం, గుండె వేగం, ఛాతీ కదలిక ఎలా ఉన్నాయి? అవి అంతకుముందులాగే ఉంటే కొలతలో తప్పు ఉండే అవకాశం ఎక్కువ. వెతకడానికి సమయం ఉంది. అవీ పడిపోతుంటే వాయువు నిజంగానే అందడం లేదని భావించి, యంత్రంతో వచ్చే బ్యాకప్ ఏర్పాటుకు మారాలి. చేత్తో నొక్కే బ్యాగ్‌తోనైనా నైట్రిక్ ఆక్సైడ్ కలిసిన ఆక్సిజన్‌ను ఆపకుండా ఇవ్వాలి. ఆ ఏర్పాటు పనిచేస్తోందా లేదా అన్నది చికిత్స మొదలుపెట్టే ముందే చూసి ఉంచాలి. అలారం మోగాక దాని ట్యూబు కోసం డ్రాయర్లు వెతుక్కుంటూ కూర్చోవడం కుదరదు.

వాయువును ఉన్నట్టుండి ఆపకూడదన్న నియమానికి కారణం రీబౌండ్. బయటి నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తున్నంత సేపూ శరీరం తన సొంత తయారీని తగ్గించుకుంటుంది. అది ఒక్కసారిగా తెగిపోతే రక్తనాళాలు బిగుసుకుని ఆక్సిజన్ నిమిషాల్లో పడిపోవచ్చు. చికిత్స ముగించేటప్పుడు కూడా మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. సెన్సర్ మార్చడం కోసం వాయువు ఇచ్చే వైపును ఆపాల్సిన అవసరం చాలా యంత్రాల్లో ఉండదు. మీ యంత్రంలో ఉంటే మాత్రం బ్యాకప్ మీదకు మార్చాకే స్క్రూడ్రైవర్ ముట్టుకోవాలి.

సెన్సర్‌ను తప్పుపట్టే ముందు

మొదట చెప్పిన ఉదాహరణకు వద్దాం. సెట్ చేసింది 20, చూపిస్తోంది 13. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ 80 శాతానికి పెట్టారనుకుందాం. అందులో 2.5 శాతం సిలిండర్ వాయువు కలుస్తుంది కాబట్టి శిశువు దగ్గర ఆక్సిజన్ 78 శాతం ఉండాలి. (వెంటిలేటర్‌లో 80, ఇక్కడ 78 ఏమిటని కంగారుపడి ఆక్సిజన్ సెల్ మార్చినవాళ్లూ ఉంటారు. అది లోపం కాదు, లెక్క.)

ఇప్పుడు ఆక్సిజన్ కొలత ఎంత ఉందో చూడండి. అది 58 దగ్గర ఉంటే కేసు దాదాపు తేలిపోయినట్టే. నైట్రిక్ ఆక్సైడ్ 20 నుంచి 13కు పడిందంటే శాంపిల్‌లో మూడో వంతుకు పైగా, సుమారు 35 శాతం, గది గాలి కలిసిందన్నమాట. 78 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిలో 35 శాతం గది గాలి కలిస్తే వచ్చేది 58. రెండు వేర్వేరు సెల్స్ ఒకే సమయంలో, ఒకే నిష్పత్తిలో చెడిపోవు. శాంపిల్ లైన్ ఎక్కడో గది గాలిని పీలుస్తోంది. కనెక్టర్ వదులై ఉంటుంది, వాటర్ ట్రాప్ సరిగ్గా కూర్చోలేదు, లేదా గొట్టంలో చీలిక ఉంది. బిగించగానే 13 మళ్లీ 20కి, 58 మళ్లీ 78కి వెళ్తాయి. ఏ పార్టూ మార్చనక్కర్లేదు.

మూడు సెన్సర్లు ఉండటంలో ఉన్న పెద్ద ఉపయోగం ఇదే. అవి ఒకదానికొకటి సాక్ష్యం. మూడూ కలిసి గది గాలి వైపు జరిగితే తప్పు దారిలో ఉంది. ఒక్కటే జరిగితే అప్పుడు ఆ సెల్‌ను అనుమానించవచ్చు.

ఆక్సిజన్ 78 దగ్గరే ఉండి నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం 13 చూపిస్తే రెండు అవకాశాలు మిగులుతాయి. సెల్ బలహీనపడి ఉండాలి, లేదా వాయువే తక్కువ వెళ్తుండాలి. ఆక్సిజన్ అంకెతో ఈ రెండింటినీ విడదీయలేం, తేడా ఒక శాతం కూడా రాదు. అప్పుడు ఇచ్చే వైపు చూడాలి. సిలిండర్ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా, ప్రెషర్ ఎంత ఉంది, వాయువు కలిపే గొట్టం సరైన చోట సరైన దిశలో ఉందా? ఆ తర్వాత తెలిసిన గాఢత గల కాలిబ్రేషన్ గ్యాస్‌తో సెల్‌ను పరీక్షించాలి. లేదా వేరే ఎనలైజర్ తెచ్చి అదే చోట కొలవాలి.

శాంపిల్ ఎక్కడి నుంచి తీస్తున్నారన్నది కూడా ముఖ్యమే. వాయువు కలిసిన చోటుకు మరీ దగ్గరగా తీస్తే సరిగ్గా కలవని గాలి వస్తుంది, అంకె ఊగుతుంది. శిశువు వదిలిన గాలి కూడా కలిసే చోట తీస్తే తక్కువ చూపిస్తుంది. వెంటిలేటర్ గొట్టాలు మార్చాక మొదలైన ఏ తేడాకైనా ముందు ఇదే చూడండి.

నీరు ఇంకో పాత నేరస్థుడు. వెంటిలేటర్ గాలిని వెచ్చగా, తడిగా చేసి పంపుతారు. అది సన్నని గొట్టంలో చల్లబడి చుక్కలవుతుంది. ట్రాప్ నిండితే పంపు శబ్దం మారుతుంది, లైన్ మూసుకుపోయిందన్న అలారం వస్తుంది. కానీ పూర్తిగా మూసుకుపోని లైన్ మరింత చిక్కు. అలారం ఉండదు, అంకె మాత్రం నెమ్మదిగా తగ్గుతూ, ఆలస్యంగా మారుతూ ఉంటుంది. శాంపిల్ లైన్‌నూ ట్రాప్‌నూ తీసి గది గాలిలో వదిలి చూడండి. కొలతలు చురుగ్గా సున్నాకు, ఆక్సిజన్ 21కి పడితే సెల్స్ ప్రాణంతోనే ఉన్నాయి, పంపు కూడా నడుస్తోంది. ఇది ఒక నిమిషం పని. ఆ నిమిషం తెరపై వచ్చేవి శిశువు కొలతలు కావన్నది మాత్రం పక్కనున్న నర్సుకు చెప్పి చేయాలి.

సిలిండర్ మీది గాఢత చదివారా? యంత్రం 800 అనుకుని లెక్క కడుతుంటే తగిలించిన సిలిండర్ 1000 పీపీఎందైతే శిశువుకు 20 బదులు 25 వెళ్తుంది. తెర కూడా 25 అనే చెబుతుంది. సెన్సర్ నిజం చెబుతుంటే దాన్నే తప్పుపట్టి, ‘కాలిబ్రేషన్’ పేరుతో 20కి దించేసే ప్రమాదం ఉంది. సిలిండర్ మార్చిన తర్వాత నుంచి ఒకే నిష్పత్తిలో ఎక్కువ లేదా తక్కువ చూపిస్తుంటే ముందు లేబుల్ దగ్గరికి వెళ్లాలి.

సున్నా పరీక్ష చెప్పనిది

కాలిబ్రేషన్ రెండు రకాలు. గది గాలితో చేసేది సున్నా కాలిబ్రేషన్. నైట్రిక్ ఆక్సైడ్ సున్నా, నైట్రోజన్ డయాక్సైడ్ సున్నా, ఆక్సిజన్ 21 అని యంత్రం నేర్చుకుంటుంది. చాలా యంత్రాలు దీన్ని రోజూ వాటంతటవే చేసుకుంటాయి. ఆ కొన్ని నిమిషాలు తెరపై కొలతలు ఉండవు, వాయువు మాత్రం వెళ్తూనే ఉంటుంది. తెలిసిన గాఢత గల గ్యాస్‌తో చేసేది రెండోది, స్పాన్ కాలిబ్రేషన్. దీనికి సిలిండర్ కావాలి, మనిషి కావాలి, కాబట్టి వాయిదా పడుతూ ఉంటుంది.

ఇక్కడే అసలు గొయ్యి ఉంది. చచ్చిపోయిన సెల్ కూడా సున్నా పరీక్షలో పాసవుతుంది. ఎందుకంటే అది ఎప్పుడూ సున్నానే చూపిస్తుంది. రోజూ సున్నా కాలిబ్రేషన్ ‘పాస్’ అని వస్తోంది కాబట్టి సెన్సర్ బాగుందని అనుకోవడం, మూగవాడు అబద్ధం చెప్పలేదని మెచ్చుకోవడం లాంటిది. వాయువు ఉన్నప్పుడు అది ఎంత చెబుతుందో స్పాన్ పరీక్ష మాత్రమే చెప్పగలదు.

సున్నా పరీక్ష ఫెయిలైనా అది సెల్ తప్పని కాదు. ఆ గది గాలే శుభ్రంగా లేకపోవచ్చు. ఇప్పుడే లైన్లు ఖాళీ చేసిన వాయువు అక్కడే తిరుగుతుండవచ్చు. యంత్రాన్ని స్పిరిట్‌తో తుడిచి ఉండవచ్చు, పక్కన ఎవరో చేతులకు శానిటైజర్ రాసుకుని ఉండవచ్చు. ఆ ఆవిర్లకు కొన్ని సెల్స్ స్పందిస్తాయి. గాలి ఆడే చోటుకు తీసుకెళ్లి మళ్లీ చేయాలి. పరీక్ష ఫెయిల్ కాకుండా పాసైతే ఇంకా చెడ్డది. గది గాలిలో అర పీపీఎం వాయువు ఉండగా యంత్రం దాన్నే సున్నా అని నేర్చుకుంటే, ఆ తర్వాత ప్రతి కొలతా అర పీపీఎం తక్కువగా వస్తుంది. 20 దగ్గర అది పెద్ద తేడా కాదు. 1, 2 పీపీఎంల దగ్గర కాపలా కాయాల్సిన నైట్రోజన్ డయాక్సైడ్‌కు అది చాలా పెద్ద తేడా.

స్పాన్ పరీక్ష ఫెయిలైతే కూడా ముందు గ్యాస్‌నే ప్రశ్నించాలి. కాలిబ్రేషన్ సిలిండర్ గడువు దాటిందా? సర్టిఫికెట్‌లో ఉన్న అంకెనే యంత్రంలో ఇచ్చారా? రెగ్యులేటర్ స్టెయిన్‌లెస్ స్టీలుదేనా? ఇత్తడి రెగ్యులేటర్లు, మామూలు రబ్బరు గొట్టాలు నైట్రోజన్ డయాక్సైడ్‌కు పనికిరావు. అది ఉపరితలాలకు అతుక్కుంటుంది, కొంత అక్కడే ఖర్చవుతుంది, సెల్ దాకా తక్కువే చేరుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ అంకె స్థిరపడటానికి మిగతా రెండింటి కంటే ఎక్కువ సేపు పడుతుంది. తొందరపడి మధ్యలో ‘ఓకే’ నొక్కితే ఆ తర్వాత నెల రోజులూ తప్పు కొలతే.

నెమ్మదిగా ఉండే అంకె

నైట్రిక్ ఆక్సైడ్ తక్కువ చూపిస్తే అందరూ పరుగెత్తుకొస్తారు. నైట్రోజన్ డయాక్సైడ్ 0.1 చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. కానీ ఊపిరితిత్తులను కాల్చే విషం ఈ రెండోదే. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కార్మికులకే దీని గరిష్ఠ పరిమితి 5 పీపీఎం. నవజాత శిశువుల దగ్గర అంతకంటే చాలా తక్కువలోనే జాగ్రత్తపడాలి.

నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసిన క్షణం నుంచే అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారడం మొదలవుతుంది. ఆ వేగం ఆక్సిజన్‌కు నేరుగా, నైట్రిక్ ఆక్సైడ్‌కు వర్గం చొప్పున పెరుగుతుంది. అంటే డోసు రెట్టింపైతే విషం తయారయ్యే వేగం నాలుగు రెట్లు. 20 నుంచి 80కి వెళ్తే 16 రెట్లు. మొదటి ఉదాహరణలో తెర కోసం డోసును 31కి పెంచేసిన చోట సుమారు 2.4 రెట్లు. డోసు గానీ ఆక్సిజన్ గానీ బాగా పెంచాక కూడా నైట్రోజన్ డయాక్సైడ్ కొలత కదలకుండా అదే 0.0 దగ్గర నిలబడి ఉంటే సంతోషించకండి. అనుమానించండి.

దీన్ని తప్పుగా తక్కువ చూపించే కారణాల్లో మొదటిది తడి. నైట్రోజన్ డయాక్సైడ్ నీటితో కలిసిపోతుంది. శాంపిల్ లైన్‌లో చుక్కలు నిలిస్తే దారిలోనే కొంత మాయమవుతుంది. శిశువు పీల్చేది ఒకటి, సెన్సర్ చూసేది ఇంకొకటి.

చికిత్స మొదలుపెట్టగానే నైట్రోజన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగిసిపడితే మాత్రం అది సెన్సర్ తప్పు కాకపోవచ్చు. సిలిండర్ తగిలించాక రెగ్యులేటర్‌లో, గొట్టాల్లో చిక్కుకున్న గాలితో నైట్రిక్ ఆక్సైడ్ చాలాసేపు కలిసి ఉంటుంది. అక్కడ గాఢత 800 పీపీఎం కాబట్టి విషం జోరుగా తయారవుతుంది. అందుకే శిశువుకు కలిపే ముందు లైన్లు పర్జ్ చేయాలి. ఈ మెట్టు దాటేస్తే ఆ మొదటి దెబ్బ శిశువు ఊపిరితిత్తులకే. సెన్సర్ దాన్ని చూపించిందంటే తన పని చేసిందన్నమాట.

తెరకు బయట ఇంకో సాక్షి ఉంది, రక్తం. నైట్రిక్ ఆక్సైడ్ హిమోగ్లోబిన్‌తో కలిసి మెథిమోగ్లోబిన్ అవుతుంది, అది ఆక్సిజన్‌ను మోయలేదు. వేలికి పెట్టే మామూలు పల్స్ ఆక్సీమీటర్ దీన్ని పట్టుకోలేదు, రక్త పరీక్షలోనే తెలుస్తుంది. తెర మీద డోసు మామూలుగా ఉండి మెథిమోగ్లోబిన్ ఊహించిన దానికంటే పెరుగుతుంటే, సెన్సర్ తక్కువ చూపిస్తోందేమో అని బయోమెడికల్ ఇంజనీరును పిలవాలి. శిశు వైద్యులకూ ఇంజనీర్లకూ మధ్య ఈ ఒక్క సమాచారం అటూ ఇటూ వెళ్తే చాలా లోపాలు ముందే దొరుకుతాయి.

సెల్ మార్చాల్సి వస్తే

అన్నీ చూశాక కూడా ఒక్క సెల్ మాత్రమే స్పాన్‌లో ఫెయిలవుతుంటే దాన్ని మార్చాలి. కొత్త నైట్రిక్ ఆక్సైడ్ సెల్‌కు బయాస్ అంది కుదురుకునే దాకా మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. కుదురుకోకముందే సున్నా కాలిబ్రేషన్ చేస్తే, ఆ తర్వాత గీత కిందికి దిగే కొద్దీ కొలతలు తక్కువగా, ఒక్కోసారి సున్నా కంటే కిందికి వస్తాయి. ‘కొత్త సెన్సర్ కూడా పాడైనదే ఇచ్చారు’ అన్న ఫిర్యాదుల వెనుక ఈ తొందరపాటు ఉండే అవకాశం చాలా ఉంది. పాత సెల్ నుంచి ద్రవం కారి ఉంటే అది ఆమ్లం, చేతులకు గ్లవ్స్ ఉండాలి. ఆక్సిజన్ సెల్‌లో సీసం ఉంటుంది కాబట్టి మామూలు చెత్తబుట్టలో వేయకూడదు.

స్పేర్ సెల్స్ కొని పెట్టుకుందామంటే అవి అల్మారాలో కూడా ముసలివవుతాయి. ఐదు కొని మూడేళ్లు దాచడం కంటే, గడువు చూసుకుని ఒకటి రెండు ఉంచుకోవడం మేలు. కానీ సర్కారీ కొనుగోళ్ల పద్ధతికి ఇది సరిపడదు. యంత్రం కొనడానికి ఒక్కసారి నిధులు వస్తాయి, ఏటా సెల్స్, కాలిబ్రేషన్ గ్యాస్ కొనడానికి రావు. జాతీయ ఆరోగ్య మిషన్ దేశవ్యాప్తంగా వైద్య పరికరాల లెక్క తీయించినప్పుడు రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచేయనివే తేలాయి. పరికరాల నిర్వహణ కార్యక్రమం అలా మొదలైంది. అయితే ఆ లెక్క ‘పనిచేస్తుంది, పనిచేయదు’ అనే రెండు గడులది. తెర వెలుగుతూ తప్పు అంకె చూపించే యంత్రం అందులో ‘పనిచేస్తుంది’ కిందికే వస్తుంది.

సిలిండర్ లేకుండా గాలి నుంచే విద్యుత్తుతో నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారు చేసే యంత్రాలు కూడా ఇప్పుడు వచ్చాయి. అలాంటి ఒకదాన్ని ఎఫ్‌డీఏ 2022లో ఆమోదించింది. మన దగ్గరికి విరివిగా వస్తే సిలిండర్ రవాణా బాధ తప్పుతుంది. గాలిని మండించి చేసే ఆ పద్ధతిలో నైట్రోజన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది, దాన్ని ఫిల్టర్ పట్టుకోవాలి. ఫిల్టర్ పట్టుకుందో లేదో చెప్పాల్సింది మళ్లీ ఆ చిన్న సెల్లే.

ప్రతి స్పాన్ కాలిబ్రేషన్‌లో సర్దుబాటుకు ముందు వచ్చిన అంకెను తేదీతో సహా రాసి పెట్టుకోవాలి. పోయిన నెల 45కి 44, ఈ నెల 41, వచ్చే నెల 37 అని దిగుతుంటే ఏ నెలలో సెల్ ఆర్డర్ పెట్టాలో పుస్తకమే చెబుతుంది. కాలిబ్రేషన్ ‘పాస్’ అని టిక్ మాత్రమే పెట్టే రిజిస్టర్‌లో ఇది కనిపించదు. యంత్రం వల్ల శిశువుకు హాని జరిగినా, జరగబోయి తప్పినా, దాన్ని ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2015 నుంచి నడుపుతున్న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయవచ్చు. యంత్రం మోడల్, సీరియల్ నంబరు, సెల్ అమర్చిన తేదీ, అప్పటి మూడు కొలతలు, శాంపిల్ లైన్ పరిస్థితి అందులో రాయాలి. వాటర్ ట్రాప్‌ను పారేసే ముందు ఒక ఫొటో తీసుకుంటే మంచిది.